లైటు పచ్చగా వెలిగితే చాలదు

(సిబ్బంది కుటుంబాల సమావేశంలో చేసిన ప్రసంగ పాఠం)



నన్ను మాట్లాడమన్నప్పుడు డిపాజిట్ల గురించో, ఫోన్ మోసాల గురించో చెబుతానని మీరు అనుకుని ఉంటారు. వాటి గురించి ఏడాది పొడుగునా సర్క్యులర్లు వస్తూనే ఉంటాయి. ఈ రోజు మా ఇంటి వరండా గోడ గురించి చెబుతాను. ఇక్కడ కూర్చున్నవారిలో ఇద్దరు ముగ్గురు ఎలక్ట్రిక్ కారు కొన్నారు, ఇంకొందరు కొనే ఆలోచనలో ఉన్నారు. మాకు జరిగింది మీకు జరగకూడదని నా తాపత్రయం.

మేముండేది గతౌరాలో. బిలాస్‌పూర్ నుంచి హౌరా వైపు రైలెక్కితే వచ్చే మొదటి స్టేషను అది. బెంగాల్ నాగపూర్ రైల్వే రోజుల నుంచీ ఉత్తరాంధ్ర వాళ్లు రైలు ఉద్యోగాల కోసం ఇటు వస్తూనే ఉన్నారు. మా మావయ్యగారు అలాగే శ్రీకాకుళం వైపు నుంచి వచ్చి, ఎలక్ట్రికల్ విభాగంలో పనిచేసి రిటైరయ్యారు. రిటైరయ్యాక గతౌరాలో పాత ఇల్లు ఒకటి కొన్నారు. నేను బిలాస్‌పూర్ బ్రాంచికి, మా వారు తన ఆఫీసుకు, అమ్మాయి కాలేజీకి, అంతా కలిపి రోజుకు 30 కిలోమీటర్ల తిరుగుడు. అందుకే ఎలక్ట్రిక్ కారు తీసుకున్నాం. లోను మన బ్యాంకుదే.

కారు నిలిపే చోటికి దగ్గరగా వరండా గోడ మీద ఒక 15 ఆంపియర్ల సాకెట్ ఉంది. ఆ బోర్డులోనే మా ఇంటర్నెట్ డబ్బా అడాప్టరు పెట్టి ఉండేది. ఫైబర్ వైరు వీధి స్తంభం నుంచి నేరుగా అక్కడికే వస్తుంది. కాబట్టి ఇంటర్నెట్ డబ్బాను లోపలికి మార్చాలి, ఆ చోట చార్జరు పెట్టాలి. పని ఇంతే కదా అనుకున్నాం. ఆదివారం ఒక ఎలక్ట్రీషియన్‌ను పిలిచాం.

అతను ముందు ఫైబర్ వైరు ఊడదీసి కిటికీ సందులోంచి లోపలికి లాగి, మిగిలింది గుండ్రంగా చుట్టి మేకుకు తగిలించాడు. డబ్బా మీద ఎర్ర లైటు వెలిగింది. నెట్ పోయింది. ఆ తర్వాత కారుతో వచ్చిన చార్జరును సాకెట్‌లో పెట్టాడు. దాని మీద కూడా ఎర్ర లైటే. ఎర్త్ లేదని ఆ గుర్తుకు అర్థం. అతను "ఇది మామూలే మేడమ్" అని బోర్డు విప్పి ఏదో చేశాడు. లైటు పచ్చగా మారింది, కారు చార్జింగ్ మొదలైంది. మేమందరం సంతోషించాం. డబ్బులిచ్చి పంపించేశాం.

సాయంత్రం మావయ్యగారు వాకింగ్ నుంచి వచ్చి చూసి, "అమ్మాయ్, లైటు పచ్చగానే ఉంది. ఎర్త్ ఎక్కడికి పోతోంది?" అని అడిగారు. నాకు తెలియదన్నాను. ఆయన మెయిన్ ఆపేసి బోర్డు విప్పారు. లోపల ఎర్త్ పిన్నుకు భూమిలోకి వెళ్లే తీగే లేదు. రెండంగుళాల తీగ ముక్కతో ఎర్త్ పిన్నును న్యూట్రల్‌కు కలిపి ఉంది.

ఆయన మొహం మారిపోయింది. అప్పటికి మా పక్కింటి చిన్నపిల్లలు కారు చుట్టూ ఆడుకుంటున్నారు.

ఇందులో ప్రమాదం ఏమిటో ఆయన నాకు చెప్పినట్టే మీకూ చెబుతాను. కారు చార్జింగ్‌లో ఉన్నప్పుడు కారు ఒళ్లు, అంటే ఆ ఇనుమంతా, ఎర్త్ పిన్నుకు కలిసి ఉంటుంది. లోపల ఎక్కడైనా కరెంటు లీకయితే అది ఎర్త్ తీగ గుండా భూమిలోకి పోవాలి. ఎర్త్ బదులు న్యూట్రల్‌ను కలిపితే, అన్నీ బాగున్నంతసేపు చార్జరు మోసపోతుంది, పచ్చ లైటు వేస్తుంది. గాలివానకు స్తంభం దగ్గర న్యూట్రల్ తీగ ఊడిందనుకోండి. ఇంట్లో వెలుగుతున్న బల్బులోంచి, తిరుగుతున్న ఫ్యానులోంచి కరెంటు వచ్చి ఆ న్యూట్రల్‌లో నిలబడుతుంది. ఆ తీగ ముక్క గుండా కారు ఒంటికి 230 వోల్టులు వస్తాయి. తడి నేల మీద చెప్పుల్లేకుండా నిలబడి తలుపు మీద చెయ్యి వేసిన మనిషి సంగతి చెప్పక్కర్లేదు. ఫేజు, న్యూట్రల్ తారుమారుగా బిగించి ఉంటే గాలివాన దాకా కూడా ఆగదు.

ఇదొక్కటే కాదు. ఆ సాకెట్‌కు వచ్చే తీగ పాత లైట్ల తీగ. మనం గీజరు వేస్తాం కదా అంటారు. గీజరు పావుగంట నడిచి ఆగిపోతుంది. ఏసీ మధ్యమధ్యలో ఆగుతుంది. కారు చార్జరు మూడు కిలోవాట్లను గంటల తరబడి, ఆగకుండా లాగుతుంది. కరెంటు రెండింతలైతే తీగలో వేడి నాలుగింతలవుతుంది. సన్న తీగ, వదులు స్క్రూ కలిస్తే ముందు ప్లాస్టిక్ వాసన వస్తుంది, తర్వాత సాకెట్ గోధుమ రంగుకు తిరుగుతుంది, ఆ తర్వాత మంట. మనం నిద్రపోతున్నప్పుడే కారు చార్జింగ్‌లో ఉంటుందని మర్చిపోకండి.

మర్నాడు నుంచి మావయ్యగారి పర్యవేక్షణలో పని మళ్లీ మొదలైంది. లైసెన్సు ఉన్న కాంట్రాక్టరును పిలిచాం. ఇంటి పక్కన గొయ్యి తీసి, ఇనుప గొట్టం దింపి, చుట్టూ బొగ్గు, ఉప్పు వేసి ఎర్త్ చేయించాం. మీటరు దగ్గర నుంచి చార్జరు కోసమే వేరుగా 6 చదరపు మిల్లీమీటర్ల రాగి తీగ లాగించాం. దానికి విడిగా ఎంసీబీ, 30 మిల్లీ ఆంపియర్ల లీకేజికే పడిపోయే ఆర్‌సీసీబీ పెట్టించాం. ఆర్‌సీసీబీ మీద 'టెస్ట్' అని చిన్న బటన్ ఉంటుంది. నెలకోసారి నొక్కి చూడాలి. పడిపోతే అది బతికి ఉన్నట్టు. పడకపోతే మార్చేయాలి.

కాంట్రాక్టరు 7.2 కిలోవాట్ల పెద్ద చార్జరు పెట్టించమన్నాడు. అది 32 ఆంపియర్లు లాగుతుంది. అప్పుడు నేను బ్యాంకు లెక్క వేశాను. మా కారు ఒక యూనిట్‌కు ఆరేడు కిలోమీటర్లు నడుస్తుంది. రోజుకు 30 కిలోమీటర్లకు అయిదు యూనిట్లు చాలు. చిన్న చార్జరు మీదే రెండు గంటల లోపు పని. రాత్రంతా కారు ఇంట్లోనే ఉంటే పెద్ద చార్జరు ఎందుకు? రోజూ వందల కిలోమీటర్లు తిరిగేవాళ్ల సంగతి వేరు. వాళ్లు ముందు కరెంటు బిల్లు మీద మంజూరైన లోడు ఎంతుందో చూసుకోవాలి, చాలకపోతే పెంచమని అర్జీ పెట్టుకోవాలి. ఇక్కడ ఆ వివరాలు 'మోర్ బిజిలీ' యాప్‌లో చూసుకోవచ్చు. ఛత్తీస్‌గఢీలో 'మోర్' అంటే 'నా'. తెలుగు రాష్ట్రాల్లో ఉండేవారు తమ డిస్కంను అడగాలి. ఇంట్లో కారు చార్జింగ్ చేసుకోవడానికి మామూలు గృహ కనెక్షన్ సరిపోతుంది. వేరే కనెక్షన్ కావాలన్నా అడగవచ్చు, 2024 ఫిబ్రవరిలో సవరించిన వినియోగదారుల హక్కుల నియమాలు ఆ వీలు కల్పించాయి. కొత్త కనెక్షన్‌కు గడువు మహానగరాల్లో 3 రోజులు, మునిసిపాలిటీల్లో 7, పల్లెల్లో 15 అని అదే సవరణ చెబుతోంది.

ఇక ఇంటర్నెట్ డబ్బా. మాకు నెట్ రెండు రోజులు లేదు. మొదటి రోజు సాయంత్రానికే అమ్మాయి ఆన్‌లైన్ క్లాసు పోయిందని అలిగింది. అత్తయ్యగారు విశాఖలో ఉన్న మా ఆడపడుచుతో రోజూ రాత్రి ఎనిమిదింటికి వీడియోలో మాట్లాడతారు. ఆ రోజు ఫోను చేతిలో పట్టుకుని డబ్బా ముందు కూర్చున్నారు. ఏమీ అనలేదు. కారు సంబరంలో ఆవిడ ఎనిమిది గంటల సంగతి మాలో ఎవరికీ తట్టలేదు.

నెట్ కంపెనీ మనిషి వచ్చి చూస్తే, తీగ తెగలేదు, గట్టిగా చుట్టడం వల్ల వెలుతురు దారి తప్పింది. ఫైబర్ లోపల ఉండేది గాజు. దాన్ని రాగి తీగలా మడవకూడదు. మంచినీళ్ల గ్లాసు చుట్టుకొలత కంటే చిన్న చుట్ట చుట్టకండి. ఊడిన కొసను కంటికెదురుగా పెట్టి చూడకండి, అందులో లేజర్ కాంతి ఉంటుంది, కంటికి కనబడదు. డబ్బా మార్చాలంటే కంపెనీకి ముందే చెప్పి వాళ్ల మనిషి చేతే మార్పించుకోండి. పిల్లల పరీక్షలు లేని రోజు చూసుకోండి.

ఇప్పుడు డబ్బా ఇంటి మధ్య హాల్లో, తలెత్తు కంటే పైన ఉంది. బీరువా మీద పెడదామన్నారు మా వారు, ఇనుము సిగ్నల్‌ను అడ్డుతుందని వద్దన్నాం. కరెంటు పోయినా నెట్ ఉండేలా చిన్న 12 వోల్టుల బ్యాటరీ బ్యాకప్ పెట్టాం. యాప్‌తో నడిచే చార్జరు కొనేవాళ్లకు ఒక మాట. చాలా చార్జర్లు 2.4 గిగాహెర్ట్జ్ వైఫైనే అందుకుంటాయి, గోడలు దాటి దూరం వెళ్లేది కూడా అదే. డబ్బా లోపలికి మార్చాక కారు దగ్గర సిగ్నల్ వస్తోందో లేదో ఫోనుతో చూసుకుని, ఆ తర్వాతే గోడకు మేకు కొట్టండి.

చివరిగా మన ఉద్యోగం సంగతి. మా కారు లోను ఫైలులో నేను జీతం స్లిప్పులు పెట్టాను, ఇన్సూరెన్స్ పెట్టాను, మార్జిన్ కట్టాను. ఇతరుల ఫైళ్లలో అవన్నీ సరిచూసేదాన్ని కూడా నేనే. కారు రాత్రి ఎక్కడ నిలుపుతారు, అక్కడ ఎర్త్ ఉందా అని ఏ ఫారమూ అడగదు. నేనూ ఎవరినీ అడగలేదు. ఇప్పుడు ఎలక్ట్రిక్ కారు లోనుకు వచ్చిన ప్రతి ఒక్కరినీ సంతకాలయ్యాక అడుగుతున్నాను. కొందరు నవ్వుతారు. ఒకాయన మాత్రం వారం తర్వాత వచ్చి, "మా బోర్డులో కూడా ఆ తీగ ముక్క ఉందమ్మా, తీయించేశాను" అన్నారు.

మీరు కూడా ఈ రోజు ఇంటికి వెళ్లాక ఎవరైనా తెలిసిన మనిషి చేత సాకెట్ ఎర్త్ చూపించుకోండి. కారు లేకపోయినా సరే. ఫ్రిజ్‌కూ, వాషింగ్ మెషీన్‌కూ కావలసింది అదే. ఎర్త్ గొయ్యి ఉంటే ఎండాకాలం దానికి నీళ్లు పోయండి, మన్ను ఎండితే ఎర్త్ పనిచేయదు. మా ఇంట్లో ఆ పని మావయ్యగారిది. మే నెలలో తులసికోటకు ఒక చెంబు, ఎర్త్ గొయ్యికి ఒక బకెట్టు.