చూడనివానికి చెప్పుట



 ఆంగ్లభాషాధ్యాపకులమగు మన తరగతులలో ఆంగ్లమున వర్ణన చేయించుటకు ఆటలెట్లుపకరించునో విన్నవించుటయే నేటి నా పని.

గోడపై ఆవు బొమ్మ వ్రేలాడుచుండగా, అరువదిమంది పిల్లలును దానినే చూచుచుండగా, ఒక్కని లేపి ఆ యావు ఎట్లున్నదో చెప్పుమందుము. వాడు 'కౌ ఈజ్ బ్యూటిఫుల్' అని కూర్చుండును. దోషము వానిది కాదు. అందరును చూచుచున్నదానిని వాడెవరికొరకు వర్ణింపవలయును? చూడనివాడొకడున్నగాని వర్ణనకు పుట్టుక లేదు. ఆ చూడనివానిని తరగతిలోనికి తెచ్చుటయే యాట చేయు మేలు. మన యమ్మమ్మలు పేరు దాచి గుణములు చెప్పి పొడుపుకథలు పొడిచినప్పుడు చేసినదియు నిదియే.

ఒక పల్లెటూరి బడిలో ఆరవ తరగతివారిచే ఆడించిన సంచియాట నాకిప్పటికిని కన్నులకు కట్టినట్లున్నది. గుడ్డసంచిలో వెలగపండు నుంచి, ఒక బాలికను చేయి దూర్చి తడవి చెప్పుమంటిని. 'ఇట్ ఈజ్ రౌండ్, ఇట్ ఈజ్ హార్డ్' అని యాగినది. వెనుక బల్లనుండి ఒకడు కొబ్బరికాయ యని కేకవేసెను. ఆ పిల్ల తల యడ్డముగా నూపి, మరల తడిమి, పెదవులు కదల్చుచు మాటకై వెదకి, 'నో, స్మాలర్!' అనినది. ఆ రూపమును నేను వారమురోజులు నల్లబల్లమీద వ్రాసి చూపియుంటిని. తెనుగున విశేషణము మారదు, 'కంటె' అను మాటయే తారతమ్యమును తెలుపును గనుక, అది మన పిల్లల నాలుకకు ఎక్కుట కష్టము. కొబ్బరికాయను కాదనవలసిన యక్కర కలిగినంతనే యెక్కినది. పిదప సంచిని ముక్కున కానించుకొని 'స్వీట్ స్మెల్' అనగానే పది గొంతులు ఒక్కమారు వెలగపండనినవి.

కిప్లింగు 1901లో ప్రకటించిన 'కిమ్' నవలలో, సిమ్లాయందలి లర్గన్ సాహెబు దుకాణమున ఆడిన రత్నముల యాట మీరెరిగినదే. బేడెన్ పవెల్ దానిని 1908లో స్కౌటు బాలురకు అందించెను. మనమును పళ్ళెములో వస్తువులు చూపి, గుడ్డ కప్పి, పేర్లడుగుచున్నాము. కాని కిమ్‌ను ఓడించిన బాలుడు రాళ్ళ లెక్కతో ఆగక వాని తూకమును, లోపములను గూడ చెప్పెను. ఆ సగమును వదలుటచేత రత్నపరీక్ష మన చేతులలో పేర్ల జాబితాయైనది. తాళపుచెవి యనిన చాలదు, తుప్పుపట్టిన దానిని, వంగిన దానిని, పండ్లు రెండే మిగిలిన దానిని చెప్పించవలయును.

మరియొక చిక్కు గలదు. 'పెద్ద ఎఱ్ఱ మట్టికుండ' యనుటలో ఆంగ్లమును తెనుగును ఒకే వరుసను నడచును. 'నిన్న సంతలో తాత కొనిన కుండ' యనునప్పుడు దారులు చీలును; మనము నామమునకు ముందే సర్వము పేర్చుదుము, ఆంగ్లేయుడు నామమును ముందుగా పలికి కథను వెనుక తగిలించును. ఇందులకు నేను ఒక బాలుని వెలుపలికి పంపి, లోపల ఒకని నెన్నుకొని, వచ్చినవానికి 'ది బాయ్ హూ' అను మొదలుతోనే గుర్తులు చెప్పవలయునని నియమము పెట్టుదును. కిటికీ ప్రక్కన కూర్చున్నవాడు, చొక్కా గుండీ తెగినవాడు, ఇట్లు గుర్తులు వచ్చుచుండగా వ్యాకరణము వాక్యమున దానంతటదియే కుదురుకొనును. ఆట నడుమ తప్పులు దిద్దుట నాకు సమ్మతము కాదు. వానిని వ్రాసికొని మరునాడు చెప్పుదును. ప్రక్క గదికి సందడి వినిపించును, వినిపింపనిండు.

మధ్యాహ్నము వ్యాసపఠనమునకు ముందు అరగంట నాకిప్పించవలసినదని మన యీ సభ కార్యదర్శిని కోరియున్నాను. ప్రతి సభ్యుడును ఒక వస్తువును చేతిరుమాలున చుట్టి తెచ్చి, పొరుగువానికి చూపక, 'నైస్', 'గుడ్', 'బ్యూటిఫుల్' అను మూడు మాటలు వాడక, ఆంగ్లమున వర్ణింపవలయును. మూటలు విప్పుటకు మాత్రము తొందరపడవలదు.