దారి అందరిదీ

(సంఘ వార్షిక సభలో కార్యవర్గం తరఫున చేసిన ప్రసంగ పాఠం)



ప్రతి సంవత్సరం ఈ సభలో మేము పిల్లల చదువుల గురించి, స్కాలర్‌షిప్పుల గురించి, పెళ్ళిళ్ళలో దుబారా గురించి మాట్లాడుతూ వచ్చాము. ఈసారి రోడ్డు మీద సైకిలు తొక్కేవారికీ మోటారు నడిపేవారికీ జరుగుతున్న తగాదా గురించి మాట్లాడతామంటే మా కార్యవర్గంలోనే కొందరు నవ్వారు. "అది ట్రాఫిక్ పోలీసుల పని గదండీ, మన సంఘానికెందుకు?" అన్నారు. ఎందుకో మనవి చేస్తాము. కాస్త ఓపికగా వినవలసిందిగా కోరుతున్నాము.

మన గుంటూరులో సైకిలుకూ మన కుటుంబాలకూ ఉన్న సంబంధం ఈనాటిది కాదు. ఇక్కడ కూర్చున్న పెద్దల్లో చాలామంది అద్దె సైకిలు మీద తొక్కడం నేర్చుకున్నవారే. షాపులో పుస్తకంలో పేరు, టైము రాయించుకుని, సీటు మీద కూర్చుంటే కాలు అందక, బారు కింద నుంచి కాలు దూర్చి తొక్కినవారే. రాత్రిపూట దీపం లేకపోయినా, డబుల్స్ ఎక్కినా పోలీసువారు ఆపి రెండు చక్రాల్లోనూ గాలి తీసి పంపేవారు. మునిసిపాలిటీకి పన్ను కట్టి సైకిలుకు బిళ్ళ బిగించుకునే రోజులు కూడా ఉండేవి. అంటే ఆనాడు రోడ్డు మీద సైకిలుకు ఒక లెక్క, ఒక మర్యాద ఉన్నాయన్నమాట.

ఆ సైకిళ్ళకు గాలి కొట్టి, ట్యూబుకు అతుకు వేసి, చక్రానికి వంకర తీసి మన పేటల్లో ఎన్నో ఇళ్ళు బతికాయి. పంక్చర్లు వేసుకునేవాళ్ళని మనల్ని చులకనగా అనేవారు ఇప్పటికీ లేకపోలేదు. దానికి మేము సిగ్గుపడము. ఒకరి ప్రయాణం ఆగకుండా చూసిన చేతులవి. అలాంటి షాపుల్లో పెరిగిన పిల్లలే తరువాత ఆటోనగర్‌లో మెకానిక్కులయ్యారు, లారీలెక్కారు, ఆటోలు కొనుక్కున్నారు. ఇవాళ మన ఇళ్ళల్లో తాతది సైకిలు, తండ్రిది ఆటో, మనవడిది మోటారు సైకిలు. ముగ్గురూ ఒకే రోడ్డు మీద పోతున్నారు. అంచేత ఈ తగాదా మన ఇంటి తగాదాయే.

2011 జనాభా లెక్కల ప్రకారం మన దేశంలో నూటికి సుమారు 45 ఇళ్ళల్లో సైకిలు ఉన్నది, 21 ఇళ్ళల్లో స్కూటరో మోటారు సైకిలో ఉన్నది, కారు అయిదు ఇళ్ళకు లోపే. ఆ తరువాత వ్యవహారం ఎటు మారిందో మన వీధి అరుగు మీద పావుగంట కూర్చుంటే తెలుస్తుంది. అయినా సైకిలు పోలేదు. మిర్చి యార్డుకు తెల్లవారకముందే బయలుదేరే కూలీలు, రాత్రి కాపలాకు పోయేవారు, ఇంటింటికీ పేపరు వేసే కుర్రాళ్ళు, 'బడికొస్తా' పథకంలో వచ్చిన సైకిళ్ళ మీద స్కూలుకు వెళ్ళిన ఆడపిల్లలు, వీరందరి బతుకూ రెండు చక్రాలు, ఒక చైను మీదనే నడిచింది, నడుస్తున్నది.

ఇక ఒకరి మీద ఒకరు చెప్పుకునే ఫిర్యాదులు వినండి.

మోటారు వారు అంటారు: "సైకిలు వాళ్ళు చెయ్యి చూపించకుండా టక్కున తిప్పుతారు. రాంగ్ సైడులో ఎదురొస్తారు. చీకట్లో దీపం ఉండదు. వాళ్ళకు లైసెన్సు లేదు, బీమా లేదు. ఏదైనా జరిగితే తప్పు మాత్రం మాది."

సైకిలు వారు అంటారు: "వెనక నుంచి గుండె ఆగేట్టు హారను కొడతారు. మోచెయ్యి రాసుకునేంత దగ్గరగా దూసుకుపోతారు. ముందుకు వచ్చి అడ్డంగా ఆపుతారు. చూడకుండా కారు తలుపు తీస్తారు. మేము పోవలసిన పక్కన బళ్ళు నిలబెట్టి, మేము నడిమధ్యకు వస్తే మమ్మల్నే తిడతారు."

రెండు వైపులా నిజమున్నది. అయితే రెండు వైపులా ఉన్న ప్రమాదం మాత్రం సమానం కాదు. ఈ మాట మాకు ఒక అనుభవం నేర్పింది. పేర్లు చెప్పము. చెప్పకపోయినా ఇక్కడ కొందరికి తెలుసు.

2023 డిసెంబరులో ఒక రాత్రి పదిన్నరకు మన సభ్యులొకరు, దర్జీ పని చేసే పెద్దాయన, షాపు మూసి సైకిలు మీద ఇంటికి వస్తున్నారు. వెనక నుంచి మోటారు సైకిలు కొట్టింది. నడిపినది మన పేట కుర్రాడే, పదహారేళ్ళవాడు. తండ్రి బండి తాళం తీసుకుని పార్సిలు తేవడానికి బయలుదేరాడు. భయపడి మొదట పారిపోయాడు. పావుగంటకు తండ్రిని వెంటపెట్టుకుని తిరిగి వచ్చి, "చాచా, నేను చూడలేదు చాచా" అని ఏడ్చాడు. వాడు అన్నది నిజమే. సైకిలుకు వెనక దీపం లేదు, ఎర్ర బిళ్ళ గూడా లేదు. వాడు పోయిన వేగంలో ఉన్నా కనపడేది కాదని కొందరన్నారు. మెల్లగా పోయి ఉంటే కనపడేదని మరికొందరన్నారు. ఆసుపత్రి వరండాలోనే రెండు కుటుంబాలూ రెండు జట్లయినాయి.

అర్ధరాత్రి మమ్మల్ని పిలిచారు. మేము ఒక తప్పు చేశాము. "పోలీసులెందుకు, కేసులెందుకు, పిల్లవాడి భవిష్యత్తు పాడవుతుంది, ఇంటి మాట ఇంట్లోనే తేల్చుకుందాం" అన్నాము. ఖర్చంతా తాను పెట్టుకుంటానని కుర్రాడి తండ్రి ఒప్పుకున్నాడు. ఆయన ఆటో తోలుకునే మనిషి. మూడు నెలలు మాట నిలబెట్టుకున్నాడు, ఆ తరువాత ఆయన వల్ల కాలేదు. తుంటి ఎముక విరిగిన పెద్దాయన కాలితో మిషను తొక్కలేకపోయారు. ఆరు నెలలు పైబడి ఇంట్లో రాబడి లేదు. అప్పుడు మేము మేలుకొని నష్టపరిహారం సంగతి వకీలుగారిని అడిగితే, ఆయన మొదట అడిగింది పోలీసు కాగితం. లేదు. ప్రమాదం జరిగిన ఆరు నెలలలోపు ట్రిబ్యునల్‌లో దరఖాస్తు పెట్టాలనే నిబంధన 2022 ఏప్రిల్ నుంచి అమలులోకి వచ్చిన సంగతి కూడా మాకప్పుడే తెలిసింది. ఆ దారి మేమే మూసినవాళ్ళమయ్యాము.

సంఘం తరఫున కొంత సొమ్ము తీసుకుని వారింటికి వెళ్ళాము. పెద్దాయన భార్య తీసుకున్నది. తరువాత ఒక మాట అన్నది. "భాయ్‌సాబ్, డబ్బు ఇచ్చారు, సరే. ఆయనకు సైకిలు బెల్లు వినపడితే ఒళ్ళు వణుకుతున్నది. దానికి ఏం చేస్తారు?" మేము జవాబు చెప్పలేకపోయాము. ఈ ప్రసంగం ఆ ప్రశ్న నుంచి పుట్టినదే.

ఇప్పుడు కాస్త లెక్క చూద్దాం. గంటకు 60 కిలోమీటర్ల వేగంతో పోయే బండి ఒక్క సెకనులో 16 మీటర్లు దాటుతుంది. ఎదురుగా మనిషిని చూసి, బ్రేకు నొక్కాలని బుద్ధికి తోచి, కాలు కదిలేలోపే ఆ సెకను అయిపోతుంది. వేగం రెట్టింపయితే దెబ్బలోని శక్తి రెట్టింపు కాదు, నాలుగు రెట్లవుతుంది. సైకిలు తొక్కేవాడికి ముందు బంపరు లేదు, పక్కన తలుపు లేదు. ఉన్నది ఒంటి మీద చొక్కా ఒక్కటే. అందుకే ఎవరి బండి బరువు ఎక్కువో, ఎవరి వేగం ఎక్కువో వారి బాధ్యత ఎక్కువ. 2017లో కేంద్ర ప్రభుత్వం తెచ్చిన డ్రైవింగు నిబంధనలు కూడా పాదచారులు, సైకిలు వారు, పిల్లలు, వృద్ధుల విషయంలో డ్రైవరు ప్రత్యేకమైన జాగ్రత్త తీసుకోవాలనే చెబుతున్నాయి.

మోటారు సైకిలు నడిపే మన కుర్రాళ్ళకు ఒక మాట. 2022లో మన దేశంలో రోడ్డు ప్రమాదాల్లో చనిపోయినవారు 1,68,491 మంది. వారిలో సైకిలు వారు సుమారు 4,800. స్కూటర్లు, మోటారు సైకిళ్ళ మీద ఉన్నవారు నూటికి 44 మంది పైచిలుకు. అంటే బాబూ, సైకిలు ముందు నువ్వు పెద్దవాడివి కావచ్చు, లారీ ముందు నువ్వూ చిన్నవాడివే. లారీవాడు నిన్ను ఎట్లా చూడాలని కోరుకుంటావో సైకిలు తాతను నువ్వు అట్లా చూడు. ఇంతకంటే పెద్ద రూలు మాకు తెలియదు.

తండ్రులకు మరొక మాట. 2019లో మోటారు వాహనాల చట్టాన్ని సవరించారు. మైనరు పిల్లవాడు బండి నడిపి నేరం చేస్తే తండ్రికి గానీ, బండి యజమానికి గానీ మూడేళ్ళ వరకు జైలు, 25,000 రూపాయల జరిమానా. బండి రిజిస్ట్రేషను పన్నెండు నెలలు రద్దు. ఆ పిల్లవాడికి 25 ఏళ్ళు వచ్చేదాకా లైసెన్సు ఇవ్వరు. లైసెన్సు లేని చేతిలో బండి ఉంటే, బీమా కంపెనీ బాధితుడికి సొమ్ము కట్టినా, దానిని మళ్ళీ యజమాని దగ్గర రాబట్టుకోవచ్చు. "మావాడు బండి బ్రహ్మాండంగా నడుపుతాడండీ" అని పదిమందిలో మురిసిపోయే ముందు ఇది ఒకసారి జ్ఞాపకం చేసుకోండి.

ప్రమాదం జరిగినప్పుడు సాయం చేస్తే మన మీదికి వస్తుందని పక్కకు తప్పుకోవద్దు. గాయపడినవారిని ఆసుపత్రికి చేర్చినవారికి ఆ సవరణలోనే రక్షణ ఇచ్చారు. కొట్టిన బండి ఏదో తెలియకుండా పోతే, చనిపోయినవారి కుటుంబానికి 2 లక్షలు, తీవ్రంగా గాయపడినవారికి 50,000 రూపాయలు ఇచ్చే పథకం 2022 ఏప్రిల్ 1 నుంచి ఉన్నది. ప్రమాద బాధితులకు మొదటి 7 రోజుల్లో లక్షన్నర రూపాయల వరకు డబ్బు కట్టకుండా వైద్యం చేసే పథకాన్ని కేంద్రం 2025 మే నెలలో ప్రకటించింది. అయితే వీటన్నిటికీ పోలీసులకు తెలియజేయడమే మొదటి మెట్టు. మేము చేసిన పొరపాటు మీరు చేయవద్దు. రాజీ మనసుల మధ్య చేసుకోండి, కాగితం మాత్రం స్టేషనులో ఉండనివ్వండి.

సైకిలు సోదరులను మేము వెనకేసుకొస్తున్నామని అనుకోవద్దు. చట్టం మీ దగ్గర లైసెన్సు అడగకపోవచ్చు, అంతమాత్రాన రోడ్డు మిమ్మల్ని క్షమించదు. వెనక మడ్‌గార్డుకు ఎర్ర బిళ్ళ, రాత్రి ముందొక దీపం, బ్రేకు రబ్బర్లు అరిగితే వెంటనే మార్పు, తిరిగేటప్పుడు వెనక్కి చూసి చెయ్యి చూపడం, ఎదురు దారిలో రాకపోవడం, ఇవి తప్పనిసరి. ఆ రాత్రి ఆ సైకిలుకు ఎర్ర బిళ్ళ ఉన్నట్టయితే అని మేము ఎన్నిసార్లు అనుకున్నామో!

చివరగా రోడ్డు సంగతి. మనుషులకు ఎంత బుద్ధి చెప్పినా, దారిలో చోటు లేకపోతే తగాదా పోదు. ఇవాళ సైకిళ్ళ దేశమని పేరు పొందిన నెదర్లాండ్స్‌లో 1971లో రోడ్ల మీద మూడు వేలకు పైగా చనిపోయారు. వారిలో 400 మందికి పైగా పిల్లలు. తల్లిదండ్రులు వీధుల్లోకి వచ్చి, పిల్లల హత్యలు ఆపండని ఉద్యమం నడిపారు. 1973లో పెట్రోలు కరువు కూడా తోడయింది. అటు తరువాత అక్కడ సైకిళ్ళకు విడిగా దారులు విస్తరించాయి. వాళ్ళు మనకంటే మెత్తని మనుషులని కాదు, అడిగి సాధించుకున్నారు. మన పక్కన హైదరాబాదులో 2023 అక్టోబరులో అవుటర్ రింగు రోడ్డు వెంట సౌర ఫలకాల కప్పుతో 23 కిలోమీటర్ల సైకిలు దారి తెరిచారు. సంతోషమే. వ్యాయామానికి తొక్కేవారికి వచ్చిన ఆ దారి, పనికి పోవడానికి తొక్కేవారికి మన ఊళ్ళో ఎందుకు రాకూడదు? అంత హంగు అక్కరలేదు. రోడ్డు ఎడమ పక్కన నాలుగడుగుల చోటు, బళ్ళు నిలబెట్టకుండా, ఇసుక పోయకుండా, కాలువకు మూత వేసి ఇస్తే చాలు.

కాబట్టి కార్యవర్గం నాలుగు పనులు తలపెట్టింది. ఒకటి, సభ్యుల కుటుంబాల్లోని ప్రతి సైకిలుకు సంఘం ఖర్చుతో ఎర్ర బిళ్ళ, వెనక దీపం. బిగించే పని మన సైకిలు షాపుల వారే ఉచితంగా చేస్తామన్నారు. రెండు, పద్ధెనిమిదేళ్ళు నిండని పిల్లల చేతికి బండి తాళం ఇవ్వబోమని ప్రతి ఇంటి పెద్ద ఈ రోజే రిజిస్టరులో సంతకం చేయాలి. మూడు, ప్రమాదం జరిగితే మొదటి రోజే పోలీసు కాగితం, ఆసుపత్రి కాగితం భద్రపరిచి వకీలు దగ్గరకు తీసుకుపోయేందుకు ఇద్దరు సభ్యులను నియమిస్తాము. నాలుగు, స్కూళ్ళకూ యార్డుకూ పోయే రోడ్ల మీద సైకిలుకు చోటు వదలమని నగరపాలక సంస్థకు అర్జీ పెడతాము. అందులో మోటారు వారి సంతకాలే ముందు ఉండాలని మా కోరిక.

దారిలో అడ్డంగా పడి ఉన్న రాయిని తీసి పక్కన పెట్టడం కూడా పుణ్యమేనని చిన్నప్పుడు మన పెద్దలు నేర్పారు. రాయిని తీసేవాళ్ళం, మనమే రాయి అయి ఒకరి దారికి అడ్డం పడకూడదు గదా!

ఆ పెద్దాయన ఈ సభకు వచ్చారు. వెనక వరసలో కూర్చున్నారు. మిషను మళ్ళీ తొక్కుతున్నారు. సైకిలు మాత్రం ఇంకా గోడకు ఆనించే ఉన్నది. నిన్న ఆ కుర్రాడు వెళ్ళి దాని చక్రాలకు గాలి కొట్టి, వెనక ఎర్ర బిళ్ళ బిగించి వచ్చాడట. ఆయన ఎప్పుడు ఎక్కుతారో మేము చెప్పలేము. ఎక్కిన రోజున మన వీధిలో ఆయన వెనక వచ్చే బండి కాస్త నిదానించాలి. ఆ బండి మీలో ఎవరిదైనా కావచ్చు.