సభామందిరములలోఁ దెరబొమ్మ: యంత్రము నెన్నుకొను విధము



విశాఖపట్టణపు ఓడరేవు 1933వ సంవత్సరమునఁ దెఱవఁబడినది. ఉక్కు కర్మాగారమునకు 1971లో శంకుస్థాపన జరిగినది. ఇట్టి కార్యములు వచ్చినచోట భూమిని గుఱించియు, నీటిని గుఱించియు సభలు తప్పవు. పర్యావరణానుమతికి ప్రజాభిప్రాయము వలసిన పరిశ్రమల విషయమున, 2006 సెప్టెంబరు 14వ తేదినాఁటి కేంద్ర ప్రభుత్వ ప్రకటన ననుసరించి, ఆ స్థలముననో దాపుననో సభ జరుపవలయును. మొదట పరిశ్రమవారి ప్రతినిధి తమ యోజనను విశదపఱుపవలయును. నేఁడా విశదీకరణము చాలవఱకుఁ దెరమీఁది పటములతో జరుగును. 2020లో మొదలైన భూముల పునస్సర్వే పటములను గూడ గ్రామసభలో నిట్లే చూపవచ్చును. రైతు చూచిన పటమును నమ్మి తలయూఁచును. ఆ పటము వక్రముగాఁ గనఁబడెనా, నష్టము వానిదే. కావున మందిరమునకుఁ గొను పరికరములను గూర్చి పెద్దలు కొంత యెఱిఁగి యుండుట మంచిది.

ఈ పని చేయునవి రెండు: స్విచర్, స్కేలర్. తఱచుగా రెండును ఒక్క పెట్టెలోనే యుండును.

స్విచర్ పనిని మన రేవునుండి తెలిసికొనవచ్చును. లోపలి రేవునకుఁ బోవు త్రోవ యొక్కటియే. పైలట్టు ఓడను లోనికిఁ దెచ్చుచుండఁగాఁ దక్కినవి సముద్రమున వేచియుండును. మందిరములోఁ దెర యొక్కటి. లాప్‌టాపులు, కెమెరా మొదలైనవి పెక్కు. ఏ క్షణమున దేని బొమ్మ తెరకుఁ బోవలయునో ఆ త్రోవను ద్రిప్పునది స్విచర్.

స్కేలర్ పని వేఱు. వెనుకటి కరణములు పొలము పటమును పెద్దకాగితముపైకి ఎక్కించునపుడు పొడవును వెడల్పును ఒకే పాలునఁ బెంచెడివారు. స్కేలరును అట్లే చేయవలయును. యంత్రపు బొమ్మ చుక్కల కూర్పు. పాత కంప్యూటరు బొమ్మలో అడ్డముగా 1024, నిలువుగా 768 చుక్కలు. ఇప్పటి సామాన్యపు తెరలో 1920, 1080. 4కె యనుదానిలో 3840, 2160. వచ్చిన చుక్కలను దెరయొక్క చుక్కలకు సరిపఱుచుటయే స్కేలింగు. పాతబొమ్మ వెడల్పునకును ఎత్తునకును నిష్పత్తి 4:3, కొత్తతెరది 16:9. తెర నిండవలెనని బొమ్మను అడ్డముగాఁ జాఁచినచో వెడల్పు మూఁడవవంతు పెరుగును. చదరపు మడి దీర్ఘచతురస్రమగును. మున్నూఱు లింకుల గట్టు నన్నూఱు లింకులుగాఁ దోఁచును. నిష్పత్తి చెడకుండఁ జూపినచోఁ దెరకు రెండు ప్రక్కల నల్లని చారలు మిగులును. వానిని లోపమని యెంచరాదు. మఱియు, మూలములో లేని గట్టును ఏ స్కేలరును బుట్టింపఁజాలదు.

ఇఁక నెన్నిక. లాప్‌టాప్ ఒకటి, ప్రొజెక్టర్ ఒకటి యున్న చిన్నగదికి వేఱు పెట్టెయే యక్కఱలేదు. ప్రొజెక్టరులోనే సాధారణముగా రెండుమూఁడు ద్వారములును, చిన్న స్కేలరును ఉండును. మూఁడు నాలుగు సాధనములో, రెండు తెరలో ఉన్నపుడే విడిగాఁ గొనవలయును.

కొనుటకు ముందు మీ సాధనముల ద్వారములను కాగితముపై వ్రాసికొనుఁడు. 1987లో వచ్చిన పదునైదు సూదుల వి.జి.ఎ. బొమ్మను మాత్రమే మోయును. 2002లో నియమములు వెలువడిన హెచ్.డి.ఎం.ఐ. బొమ్మను ధ్వనిని గలిపి మోయును. ధ్వనిని లౌడుస్పీకరులకు విడిగా నిచ్చు ద్వారము పెట్టెకుఁ గలదో లేదో చూడుఁడు. చవుక పెట్టెలు బొమ్మ మార్చునపుడెల్ల తెరను కొన్ని క్షణములు చీఁకటి చేయును. గ్రామసభకు అది పెద్ద కొఱత కాదు. ఆ సొమ్ము మంచి తెరకు వెచ్చించుట మేలు. తీఁగ పది మీటర్లు మించెనేని సామాన్యపు హెచ్.డి.ఎం.ఐ. తీఁగను నమ్మరాదు. హెచ్.డి.బేస్-టి పద్ధతిలో నెట్‌వర్కు తీఁగపై నూఱు మీటర్ల వఱకు బొమ్మను బంపవచ్చును. సముద్రతీరమున ఉప్పుగాలి సూదులను దినివేయును గనుక, పెట్టెను తలుపుగల బీరువాలో, వేఁడి పోవు సందులు విడిచి యుంచవలయును.

తెర యెంతది? అక్షరములు చదువుటకు వెనుకవాఁడు తెరయెత్తునకు ఆఱురెట్లను, పటము శోధించుటకు నాలుగురెట్లను మించి దూరముండరాదని పనివారి లెక్క. తెర యైదడుగు లెత్తయినచోఁ జదువుటకు ముప్పది యడుగులు, పటమునకు ఇరువది.

వర్తకుని యంగడిలోని బొమ్మను జూచి సొమ్మీయకుఁడు. పెట్టెను మీ మందిరమునకుఁ దెప్పించి, మీ లాప్‌టాపులతోనే నడిపింపుఁడు. ఒక వృత్తమును, ఒక చదరమును, మీ యూరి సర్వే పటమును జూపింపుఁడు. వృత్తము గ్రుడ్డువలె నున్నచో అమరిక తప్పు. అందఱిలోఁ బెద్దవానిని గడపటి బల్లమీఁదఁ గూర్చుండఁబెట్టి సర్వే నంబరు చదివింపుఁడు. మీఁటలకుఁ దెలుఁగు చీటీలు అంటించి, ఇరువురికైన నడపుట నేర్పుఁడు.

పరిశ్రమల విచారణసభలో యంత్రము పరులదే కావచ్చును. అప్పుడును పటము కనఁబడకున్న మౌనముగా నుండకుఁడు. ఆ ప్రకటన ప్రకారము సభయంతయుఁ జిత్రింపఁబడవలయును. పటము సరిగాఁ జూపినపిదపనే మాట సాగింపుఁడని చెప్పి, ఆ మాటను సభావృత్తాంతమునఁ జేర్పింపుఁడు.