రెండో ఆపరేషన్‌కు ముందు ఈ పరీక్ష ఎందుకు?



పుట్టిన బిడ్డకు మలద్వారం లేదని చెబితే ఏ తల్లి మనసు తట్టుకుంటుంది? ముందుగా ఒక మాట. ఇది గ్రహణం వల్ల గానీ, తల్లి చేసిన పొరపాటు వల్ల గానీ వచ్చింది కాదు. గర్భంలో తొలి వారాల్లోనే పేగు చివరి భాగం సరిగా ఏర్పడక ఇలా జరుగుతుంది. సుమారు 5000 మంది శిశువుల్లో ఒకరికి ఈ లోపం ఉంటుంది.

ఇలాంటి పిల్లల్లో చాలామందికి మొదట పొట్టమీద మలం బయటకు వచ్చే దారి చేస్తారు. దీన్ని కొలోస్టమీ అంటారు. ఇది తాత్కాలికమే. కొంతకాలానికి అసలు ఆపరేషన్ చేసి మలద్వారం ఏర్పాటు చేస్తారు.

దానికి ముందు డాక్టరుకు రెండు సంగతులు తెలియాలి. పేగు ఎంత పైన ఆగిపోయింది? అది మూత్రం వచ్చే దారిలోకి తెరుచుకుందా? మగపిల్లల్లో ఇలాంటి సన్నని దారి తరచుగా ఉంటుంది. అది ఎక్కడుందో తెలియకుండా ఆపరేషన్ చేస్తే మూత్రనాళం దెబ్బతినవచ్చు. ఆడపిల్లల్లో ఆ దారి చాలాసార్లు బయటికే కనిపిస్తుంది.

ఇందుకోసం పొట్టమీద ఉన్న రెండో రంధ్రం గుండా, అంటే కింది పేగులోకి, మందు ఎక్కించి ఎక్స్‌రే తీస్తారు. నేటికీ ఎక్కువగా చేసేది ఇదే. ఇప్పుడు కొన్ని ఆసుపత్రుల్లో అల్ట్రాసౌండ్ స్కానింగ్‌తో కూడా చూస్తున్నారు. అతి చిన్న వాయు బుడగలున్న మందును సెలైన్‌లో కలిపి అదే రంధ్రం గుండా పంపుతారు. ఆ బుడగలు తెరమీద తెల్లగా మెరుస్తాయి. అవి మూత్రాశయంలోకో, మూత్రనాళంలోకో చేరితే ఆ దారి డాక్టరు కంటికి కనిపిస్తుంది. ఇందులో సూది పోటు లేదు, ఎక్స్‌రే కిరణాలు లేవు. అయితే ఈ పని తెలిసిన డాక్టరు ఉండాలి. ఈ సౌకర్యం లేనిచోట ఎక్స్‌రే పరీక్షే చేయించండి, భయపడకండి.

“బిడ్డ పాలు తాగుతున్నాడు, బరువు పెరుగుతున్నాడు, ఇంకా పరీక్షలెందుకు?” అని మానుకోవద్దు. మూత్రంలో మలం కనిపించినా, జ్వరం వచ్చినా వెంటనే చెప్పండి. గుండె, మూత్రపిండాలు, వెన్నెముక పరీక్షలు కూడా అవసరమే. ఈ పిల్లల్లో వాటిలోనూ లోపాలు ఉండవచ్చు.

“మా బిడ్డ పేగు ఎక్కడ ఆగింది? ఎటు తెరుచుకుంది?” ఆపరేషన్‌కు ఒప్పుకుని సంతకం చేసే ముందు డాక్టరును ఈ రెండు ప్రశ్నలూ అడగండి. రిపోర్టులన్నీ ఒకచోట భద్రంగా దాచండి. బిడ్డ పెద్దయ్యాక కూడా అవి పనికివస్తాయి.