బుడమేటి త్రోవ

కృష్ణా గోదావరుల గూర్చి ముచ్చటించువారికి మన గ్రంథాలయములలో ఏనాడును కొదువ లేదు. నేడు మేము చెప్పబూనినది పుష్కరములు గాని స్నానఘట్టములు గాని లేని యొక చిన్న యేటి సంగతి. దాని పేరు బుడమేఱు.

మైలవరము చుట్టునుగల కొండలలో పుట్టి, వెలగలేరు మీదుగా వచ్చి, విజయవాడను ఉత్తరమున ఒరసికొని, తూర్పునకు సాగి కొల్లేటిలో కలియును. వేసవిలో చూచినవాడు దీనిని ఏఱని నమ్మడు. కాని పైనున్నది వాలుగల కొండనేల. అచట కురిసిన వాన గడియలలో దిగివచ్చును. దిగువనున్నది బల్లపరుపు నేల. అచట నీరు నడువదు, పరచుకొనును. త్వరగా వచ్చుట, మెల్లగా పోవుట, ఇదియే బుడమేటి స్వభావము. దాని కష్టములన్నియు ఇందుండియే పుట్టినవి.

వరదను తప్పించుటకై మనవారు వెలగలేరు వద్ద తలుపులు కట్టి, నీటిని ఇబ్రహీంపట్నము వైపునకు మళ్లించి కృష్ణలో కలుపు కాలువను త్రవ్విరి. యోచన మంచిదే. అయితే కృష్ణయు పొంగి, ప్రకాశము బ్యారేజికి ఎగువను మట్టము పెరిగిననాడు ఆ కాలువ నీరు నదిలోనికి దిగజాలదు; వెనుకకు తన్నును. పెద్దవాన కృష్ణకొకనాడు, బుడమేటికొకనాడు వంతులు వేసికొని కురియదు గదా! 2024 ఆగష్టు నెల కడపట, సెప్టెంబరు మొదట, రెండును ఒక్కసారే వచ్చినవి. బ్యారేజి వద్ద కృష్ణ సెకనునకు 11 లక్షల 43 వేల ఘనపుటడుగుల వంతున పారెను. మళ్లింపు కాలువ కట్ట మూడు చోట్ల తెగెను. అజిత్‌సింగ్‌నగరు, పాయకాపురము, రాజరాజేశ్వరీపేట దినముల తరబడి నీట నుండెను. గండ్లు పూడ్చుటకు సైనికులను రప్పింపవలసి వచ్చెను. 2005లోను ఈ యేఱు నగరమును ముంచియే యున్నది.

దీనికి “బెజవాడ దుఃఖము” అని బిరుదొకటి తగిలించిరి. ఇది అన్యాయమని మా అభిప్రాయము. ఏఱు పట్టణములోనికి రాలేదు. పట్టణమే యేటిలోనికి పోయినది. అట్లని అచట గుడిసె వేసికొన్న పేదవానిని మేము నిందింపము. పది సంవత్సరములు ఎండియున్న పల్లమును స్థలములుగా కొలిచి అమ్మినవారెవరు? అందు బాటలు వేసి, దీపములు పెట్టి, పన్ను చీటి వ్రాసి యిచ్చినవారెవరు? కొన్న కూలివానికి ఏటి గుణము చెప్పిన పుణ్యాత్ముడొక్కడును లేకపోయెను. ఆక్రమణలు తొలగించి యేటిని వెడల్పు చేయుదుమని 2024 వరద పిమ్మట ప్రభుత్వమువారు ప్రకటించిరి. చేయవలసినదే. కాని ముందు మెరక నేలపై ఇల్లు చూపి, తరువాతనే గోడమీద గునపము వేయవలెను.

పట్టణమునకు దిగువ జరుగు కథను పట్టణవాసులు తలపనే తలపరు. బుడమేఱు, తమ్మిలేరు, రామిలేరు మొదలగునవన్నియు తెచ్చిపోయు నీటికి కొల్లేరే పాత్రము. ఆ పాత్రకు సముద్రమువంక ఉప్పుటేఱొక్కటే మూతి. 1999లో కొల్లేటిని అభయారణ్యముగా ప్రకటించిరి; 2002లో అది రాంసర్ పట్టికకెక్కెను. అయినను చేపల చెరువుల కట్టలు పెరుగుచునే యుండ, 2006లో ప్రభుత్వమే వాటిని కొట్టించవలసి వచ్చెను. కట్ట లేచినచోట వరద ఆగును, ఆగిన వరద పై పొలములలో వరిని కుళ్లించును. ఆటపాక వద్ద గూడుకట్టు గూడబాతులకును ఆ రైతునకును కావలసినది ఒక్కటే: అడ్డులేని నీరు.

ఏటి పాత హద్దులు పోయినవా యన్న, పోలేదు. గ్రామ సర్వే పటములలో వాగు పోరంబోకు అను పేర నిలిచియేయున్నవి. తొలకరికి మునుపే ఆ పటముల నకళ్లు తెచ్చి ఏటిప్రక్క గ్రంథాలయములన్నిట గోడకు తగిలింపుడని మేము కోరుచున్నాము. స్థలము కొనబోవువాడు వచ్చి, వ్రేలు పెట్టి, తన యిల్లెచట లేచునో చూచుకొనును.