అందాజా వేరు, కొలత వేరు
(సంఘం వార్షికోత్సవ సభలో చేసిన ప్రసంగ పాఠం)



"పిల్లలకు సైన్సు" గురించి నాలుగు మాటలు చెప్పమని కార్యదర్శిగారు ఆజ్ఞాపించారు. సైన్సు అంటే పెద్ద సముద్రం. నేను ఆరు, ఏడు, ఎనిమిది తరగతులకు ఉర్దూ మీడియంలో పాఠం చెప్పేవాణ్ణి. అంచేత నా చేతికందే సంగతి ఒక్కటే చెబుతాను: కొలవడం. మా ఉర్దూ పుస్తకంలో దాన్ని "పైమాయిష్" అంటారు. మన ఇళ్ళల్లో దానికి ఎదురుగా ఇంకో మాట రోజూ తిరుగుతూ ఉంటుంది, "అందాజా". కూరలో ఉప్పు అందాజా, బస్సు వచ్చే టైము అందాజా, బోరులో నీళ్ళు అందాజా. కూరకు అందాజా చాలు, అమ్మీ చేతిలో ఆ లెక్క ఉంటుంది. బోరుకు మాత్రం చాలదు. మన జిల్లాలో ఎన్ని కుటుంబాలు ఈ అందాజా మీద అప్పుచేసి బోరు వెనక బోరు వేశాయో మీకు నేను చెప్పనక్కర్లేదు.

మనది వాన కరువైన నేల. ఉమ్మడి అనంతపురం జిల్లాకు ఏడాదికి సగటున పడే వాన సుమారు 550 మిల్లీమీటర్లు. ఈ మాట పిల్లలు కూడా చిలకపలుకులా చెబుతారు. మిల్లీమీటర్లంటే ఏమిట్రా, వానను స్కేలుతో ఎట్లా కొలుస్తారు అని అడిగితే మాత్రం తరగతి అంతా మౌనం. మన రైతుకు ఆ చిక్కు లేదు, ఆయనకు "పదును" ఉంది. వాన వెలిశాక చేలో మట్టి తవ్వి, తడి ఎంత లోతుకు దిగిందో చూసి, విత్తనం వేయొచ్చో లేదో చెప్పేస్తాడు. అది చాలా తెలివైన కొలత, నేను దాన్ని తక్కువ చేసి మాట్లాడను. అయితే ఒకే వాన ఎర్రనేలలో లోతుకు దిగుతుంది, నల్లరేగడిలో అంత దిగదు. కాబట్టి నీ పదును, నా పదును ఒకటి కాదు. రెండు ఊళ్ళ వానను పోల్చాలంటే రెండు ఊళ్ళకూ ఒకటే కొలత కావాలి.

ఆ కొలతకు డబ్బు ఖర్చు లేదు. నిలువు గోడలున్న డబ్బా ఒకటి, స్కేలు ఒకటి. కింద సన్నగా, పైన వెడల్పుగా ఉండేది పనికిరాదు. గోడలకు, చెట్లకు దూరంగా బయలులో పెట్టాలి. మా ఎనిమిదో తరగతిలో దీని మీద పెద్ద వాదన జరిగింది. పెద్ద డబ్బాలో ఎక్కువ వాన పడుతుందని మగపిల్లలు, రెండింట్లోనూ ఒకటే లోతు వస్తుందని ఆడపిల్లలు. నేను జవాబు చెప్పలేదు. వెడల్పు పాలపొడి డబ్బా ఒకటి, సన్నటి డబ్బా ఒకటి మైదానంలో పెట్టించాను. జూన్‌లో పందెం వేసుకుంటే వాన తీరిగ్గా జూలైలో వచ్చింది. అనంతపురం గదా!

మర్నాడు పొద్దున చూస్తే సన్న డబ్బాలో 14 మిల్లీమీటర్లు, వెడల్పు డబ్బాలో 13. ఆడపిల్లలు గెలిచామన్నారు. మగపిల్లలు ఊరుకోలేదు, "ఒక మిల్లీమీటరు తేడా ఉంది గదా సార్, ఏది సహీ?" అన్నారు. ఆ రోజు నాకు కలిగిన సంతోషం నూటికి నూరు వచ్చిన పేపరు చూసినప్పుడు కూడా కలగలేదు. ఏది సహీ అని అడిగినవాడు పాఠంలోకి వచ్చినట్టే. అందరం కలిసి డబ్బాల దగ్గరికి పోయి చూశాం. వెడల్పు డబ్బా కింద చిన్న రాయి, డబ్బా ఒక పక్కకు ఒరిగి ఉంది. స్కేలు సంగతి ఇంకొకటి. మన ప్లాస్టిక్ స్కేలుకు సున్నా గీత అంచు మీద ఉండదు, కొంచెం లోపలికి ఉంటుంది. అంచును డబ్బా అడుగున ఆనించి చదివితే ఆ ఖాళీ మేరకు లెక్క తప్పుతుంది. తరువాత వానకు రాయి తీసేశారు, ఖాళీని లెక్కలో కలిపారు. కన్ను నీటిమట్టానికి సమానంగా పెట్టి, ముగ్గురు విడివిడిగా చదివారు. ముగ్గురి అంకెలూ పలక మీద రాశారు.

దీనివల్ల ఇంటికి ఏం లాభం అని కొందరు అనుకోవచ్చు. చదరపు మీటరు మీద ఒక మిల్లీమీటరు వాన పడితే సరిగ్గా ఒక లీటరు నీళ్ళు. మీ మిద్దె పది మీటర్ల పొడవు, ఆరు మీటర్ల వెడల్పు అనుకోండి. 20 మిల్లీమీటర్ల వానకు దాని మీద పడేది 1200 లీటర్లు. ఎండాకాలంలో ట్యాంకరు కోసం బిందెలు వరుసబెట్టే తల్లులకు ఆ అంకె విలువ నాకంటే బాగా తెలుసు.

ఇదంతా పిల్లల ఆట అనుకోకండి. 2003 నుంచి కొన్నేళ్ళపాటు ఐక్యరాజ్యసమితి ఆహార వ్యవసాయ సంస్థ సహాయంతో భూగర్భజలాల పథకం ఒకటి మన జిల్లాతో కలిపి ఏడు కరువు జిల్లాల్లో నడిచింది. అందులో రైతులే, ఆడవాళ్ళతో సహా, తమ ఊరి వానను కొలిచారు. బోరులోకి తీగ వదిలి నీటిమట్టం ఎంత లోతున ఉందో కొలిచి పుస్తకంలో రాశారు. రబీకి ముందు ఊరంతా కూర్చుని, భూమిలోకి దిగిన నీరెంత, ఈ పైరుకు కావలసిందెంత, ఆ పైరుకు ఎంత అని లెక్క వేశారు. వరి వేయొద్దని వాళ్ళను ఎవరూ బలవంతపెట్టలేదు. అంకె చూసి ఎవరి నిర్ణయం వాళ్ళు చేసుకున్నారు. వాళ్ళలో బడి ముఖం పెద్దగా చూడనివాళ్ళు కూడా ఉన్నారు. మన ఎనిమిదో తరగతి పిల్లవాడికి అది చేతకాదంటే నేను ఒప్పుకోను.

కొలతలో ఇంకో మెలిక ఉంది, అంకె పక్కన ఉండే పేరు. ఉర్దూలో "ఇకాయి", తెలుగు పుస్తకాల్లో "ప్రమాణం". "పొడవు 12" అని రాసి ఊరుకుంటారు పిల్లలు. పన్నెండు ఏమిటి? మూరలా, అంగుళాలా? మన దేశంలో మెట్రిక్ కొలతల చట్టం 1956లో వచ్చింది. అయినా దర్జీ భాయి టేపు ఈనాటికీ అంగుళాల్లోనే నడుస్తుంది. ఆయన పని ఆయనకు కచ్చితంగా సాగుతున్నది, అందులో తప్పేం లేదు. తులం సంగతి చూడండి. పాత తులం 11.66 గ్రాములు. ఈనాడు బంగారం కొట్లో తులమంటే 10 గ్రాములు. నానీ పెళ్ళినాటి అయిదు తులాలూ, మనవరాలి పెళ్ళినాటి అయిదు తులాలూ ఒకటి కావు. తేడా ఎనిమిది గ్రాముల పైమాటే! ఇది చెప్పిన రోజు తరగతిలో ఎవరూ నిద్రపోలేదు.

ఇప్పుడు నా మనసులో అసలు బాధ చెబుతాను. ఒకరోజు నీళ్ళు కాచి, మరిగేటప్పుడు థర్మామీటరు చూసి రాయమన్నాను. (ఇంట్లో జ్వరం చూసే థర్మామీటరుతో ఈ పని చేయొద్దు, పగిలిపోతుంది.) ఒక అమ్మాయి 99 అని రాసింది, మళ్ళీ కొట్టేసి 100 అని రాసింది. ఎందుకమ్మా అంటే, "కితాబులో 100 ఉంది సార్, 99 రాస్తే మార్కులు పోతాయి" అంది. ఆ పిల్ల భయం ఉత్తది కాదు. ఒక పరీక్షలో ఒక పెద్దమనిషి అచ్చంగా అట్లాగే మార్కు కోయడం నేను చూశాను. పుస్తకంలోని 100 సముద్రమట్టం దగ్గరి మాట. మన అనంతపురం సముద్రమట్టానికి సుమారు 335 మీటర్ల ఎత్తున ఉంది. పైకి పోయేకొద్దీ గాలి ఒత్తిడి తగ్గుతుంది, సుమారు 300 మీటర్లకు ఒక డిగ్రీ చొప్పున నీళ్ళు ముందే మరుగుతాయి. మచిలీపట్నంలో 100 అయితే మన దగ్గర 99. ఆ పిల్ల కన్ను సరిగ్గానే చూసింది. కన్ను చూసినదాన్ని చెయ్యి కొట్టేసింది.

అయితే అంతటితో తృప్తిపడకూడదు. ఆ ఒక డిగ్రీ ఊరి ఎత్తు వల్లనా, థర్మామీటరు దోషం వల్లనా? అది తేల్చడమే పరిశోధన. సోడా బండి దగ్గర ఐసు తెప్పించాం. కరుగుతున్న ఐసులో థర్మామీటరు పెడితే సున్నా చూపింది. ఇంకో రెండు థర్మామీటర్లు అడిగి తెచ్చి, అదే గిన్నె, అదే స్టవ్వు, థర్మామీటరు ఒక్కటి మార్చి చూశాం. ఒకసారికి ఒకటే మార్చాలి, రెండు మారిస్తే తేడా దేనివల్ల వచ్చిందో తెలియదు. మూడూ 98కీ 99కీ నడుమనే చూపాయి. ఆ అమ్మాయి కొట్టేసిన అంకెను మళ్ళీ రాసి, కింద తేదీ వేసింది.

నీడ కొలవడం కూడా చేయిస్తాను. నేలలో కర్ర నిలబెట్టి అయిదు నిమిషాలకోసారి నీడ కొనను గుర్తుపెడితే, అతి పొట్టి నీడ పన్నెండింటికి రాదు, పన్నెండు దాటాకే వస్తుంది. దేశం గడియారం 82.5 డిగ్రీల రేఖాంశానిది, అది కాకినాడకు దగ్గరగా పోతుంది. మనం దానికి ఇంచుమించు 5 డిగ్రీలు పడమర. డిగ్రీకి 4 నిమిషాల చొప్పున ఇరవై నిమిషాలు వెనక, రోజును బట్టి కొంచెం అటూ ఇటూ. మసీదు గోడమీది వేళల పట్టీలో జవాల్ పన్నెండింటికి ఎందుకుండదో పిల్లలకు అప్పుడు అర్థమైంది. ఏప్రిల్ 30 ప్రాంతంలో, ఆగస్టు 12 ప్రాంతంలో ఆ కర్రకు నీడే ఉండదు. ఈసారి మీరూ చూడండి.

ప్రతి జూన్‌లో హాజరుపట్టీ తిరగేస్తే కొన్ని పేర్లు ఉండవు. అబ్బాయి వెల్డింగు షాపులో చేరాడంటారు, అమ్మాయి ఇంట్లో ఉందంటారు. సైన్సు మన పిల్లలకు ఎక్కదు భాయీ, అది ఇంగ్లీషు మీడియం వాళ్ళకు అని కూడా అంటారు. డబ్బాలో నీళ్ళకు ఏ మీడియమండీ? వెల్డింగు షాపులో కూడా టేపు చదవడం రానివాడు ఏళ్ళ తరబడి పానాలు అందిస్తూనే ఉంటాడు.

సంఘానికి నా విన్నపం చిన్నది. ఏటా మొదటి మార్కులవాళ్ళకు షీల్డులు ఇస్తున్నారు, సంతోషం. ఈ ఏడు ఆ ఖర్చులోంచి కొంత తీసి, ప్రయోగాల థర్మామీటర్లు మూడు, వంద మిల్లీలీటర్ల కొలజాడీ ఒకటి, స్ప్రింగు త్రాసు ఒకటి, పదిహేను మీటర్ల టేపు ఒకటి కొని సంఘం బీరువాలో పెట్టించండి. ఏ బడి పిల్లలైనా సంతకం చేసి తీసుకుపోతారు. తల్లులకు ఒక మాట. మిద్దె మీద ఒక డబ్బా, గోడకు ఒక నోటుపుస్తకం. వాతావరణశాఖ వాళ్ళు పొద్దున ఎనిమిదిన్నరకు వాన చూస్తారు, మనమూ అదే వేళకు చూద్దాం. వాన పడని రోజున సున్నా అని రాయించండి, ఖాళీ వదలొద్దు. వచ్చే సభకు ఆ పుస్తకాలు తీసుకురండి. పాతూరులో ఎంత, రైల్వేస్టేషను పక్క ఎంత పడిందో ఇక్కడే పలక మీద రాసి చూద్దాం.