పాలపళ్ళే కదా అని వదిలేయకండి

ఈ వారం పిల్లల పిప్పిపళ్ళ గురించి నాలుగు మాటలు చెప్పుకుందాం. అమెరికాలో ఉన్న మన ఇళ్ళని దృష్టిలో పెట్టుకుని చెబుతున్నాను.

"పన్నుకి పురుగు పట్టింది" అంటారు మన పెద్దవాళ్ళు. కంటికి కనిపించే పురుగు అక్కడేమీ ఉండదు. ఉండేవి బాక్టీరియా. పొద్దున్నే నాలుకతో తడిమితే జిగటగా తగిలే పాచి పొరలో అవి కాపురముంటాయి. వాటిలో ముఖ్యమైన దాని పేరు స్ట్రెప్టోకాకస్ మ్యూటన్స్. మనం తిన్న తీపినీ, పిండిపదార్థాన్నీ తిని అవి ఆమ్లాన్ని వదులుతాయి. పాచిలో పి.హెచ్. 5.5 కన్నా తగ్గితే పంటి పైనుండే ఎనామిల్‌లోంచి కాల్షియం, ఫాస్ఫేట్ కరిగిపోవడం మొదలవుతుంది. తర్వాత లాలాజలం ఆ ఆమ్లాన్ని కడిగేసి, పోయిన ఖనిజాల్ని తిరిగి పంటికి అందిస్తుంది. దీనికి అరగంటో, అంతకన్నా ఎక్కువో పడుతుంది.

అందుకే ఎంత తీపి తిన్నాం అన్నదానికన్నా ఎన్నిసార్లు తిన్నాం అన్నది ముఖ్యం. భోజనంతోపాటు ఒక సున్నుండ తిని నీళ్ళు తాగితే లాలాజలం తన పని తాను చేసుకుంటుంది. అదే కారు సీటులో కూర్చుని జ్యూసు గుక్క గుక్కగా, కిస్‌మిస్ ఒక్కొక్కటిగా మధ్యాహ్నమంతా తింటుంటే పంటికి తేరుకునే వ్యవధే దొరకదు. బెల్లమైనా తేనె అయినా బాక్టీరియాకి చక్కెరే.

నిద్రలో లాలాజలం బాగా తగ్గిపోతుంది. పాలసీసా నోట్లో పెట్టి పడుకోబెడితే రాత్రంతా పాలు పళ్ళమీదే నిలుస్తాయి. పై వరస ముందుపళ్ళు ముందుగా పాడవుతాయి. చిగురు అంచున సున్నం రాసినట్టు తెల్లటి మచ్చ కనిపిస్తే అదే తొలి గుర్తు. ఆ దశలో పట్టుకుంటే పన్ను మళ్ళీ గట్టిపడగలదు. గుంట పడితే మాత్రం తనంతట తాను పూడదు. నొప్పి వచ్చేసరికి చాలాసార్లు పుప్పి లోపలి దాకా పోయి ఉంటుంది.

"ఎలాగూ ఊడిపోయే పళ్ళే కదా!" అంటారు. పాలపళ్ళు 20. ముందువి ఆరేడేళ్ళకి ఊడతాయి గాని, వెనక దంతాలు పది, పన్నెండేళ్ళ దాకా ఉండాలి. నాలుగేళ్ళకే పుచ్చిన దంతంతో పిల్లవాడు ఇంకా ఆరేళ్ళు నమలాలన్నమాట! చీము పడితే కింద తయారవుతున్న అసలు పన్ను కూడా దెబ్బతినవచ్చు. ముందుగా పీకేస్తే పక్కపళ్ళు జరిగి, వచ్చే పన్నుకి చోటుండదు. మరో సంగతి. ఆరేళ్ళప్పుడు ఏ పన్నూ ఊడకుండానే అన్నిటికీ వెనక ఒక దంతం వస్తుంది. పాలపన్ను అనుకుంటాం, కానీ అది జీవితాంతం ఉండాల్సినది. దాని గాడుల్లో సీలెంట్ పూయించడం గురించి డాక్టరుని అడగండి.

ఇక ఫ్లోరైడ్. నల్గొండ, ప్రకాశం ప్రాంతాలనుంచి వచ్చిన అమ్మమ్మలు, తాతయ్యలు ఈ మాట వింటేనే ఉలిక్కిపడతారు. వాళ్ళ భయం ఊరికే వచ్చింది కాదు. ఫ్లోరోసిస్‌తో ఎముకలు వంగిపోయినవాళ్ళని వాళ్ళు కళ్ళారా చూశారు. 1937లోనే అప్పటి నెల్లూరు జిల్లాలో ఆ జబ్బుని డాక్టర్లు గుర్తించారు. తేడా అంతా మోతాదులో ఉంది. తాగేనీటిలో లీటరుకి 1.5 మిల్లీగ్రాములు దాటకూడదని ప్రపంచ ఆరోగ్య సంస్థ చెబుతుంది. అక్కడి బోరునీళ్ళలో చాలాచోట్ల అంతకు ఎన్నో రెట్లుండేది. మిచిగన్‌లోని గ్రాండ్ రాపిడ్స్‌లో 1945లో మొదలైన పద్ధతి ప్రకారం ఇక్కడ కొళాయి నీళ్ళలో కలిపే మోతాదు, 2015 సిఫార్సు మేరకు, లీటరుకి 0.7 మిల్లీగ్రాములు. అన్ని ఊళ్ళలోనూ కలపరు. 2025లో యూటా, ఫ్లోరిడా రాష్ట్రాలు కలపకూడదని చట్టం చేశాయి. ఆర్.ఓ. ఫిల్టరు కూడా ఫ్లోరైడ్‌ని చాలావరకు తీసేస్తుంది. కాబట్టి మీ ఇంటి నీళ్ళ సంగతి కనుక్కుని డాక్టరుకి చెప్పండి.

పేస్టులో ఫ్లోరైడ్ మాత్రం మానవద్దు. మొదటి పన్ను వచ్చిన దగ్గర్నుంచి మూడేళ్ళ దాకా బియ్యపుగింజంత, మూడునుంచి ఆరేళ్ళ దాకా బఠాణీగింజంత చాలు. రోజుకి రెండుసార్లు, రెండేసి నిమిషాలు. ఉమ్మేయడం నేర్పండి, తర్వాత నోరు పుక్కిలించనక్కర్లేదు. ఏడెనిమిదేళ్ళు వచ్చేదాకా పెద్దవాళ్ళు దగ్గరుండి తోమించాలి. మొదటి పుట్టినరోజులోపే ఒకసారి పళ్ళ డాక్టరుకి చూపించండి. ఇన్సూరెన్సు లేదని వాయిదా వేయకండి. డెంటల్ కాలేజీల క్లినిక్కుల్లో ఖర్చు తక్కువ. అర్హత ఉన్న పిల్లలకి మెడికెయిడ్‌లో పళ్ళవైద్యం కూడా ఉంటుంది.

రాత్రి బ్రష్ చేశాక మంచినీళ్ళు తప్ప ఇంకేమీ వద్దు. పాలసీసా అలవాటు ఒక్కరోజులో పోదు. పాలు పడక మీద కాక ముందే తాగించి, పళ్ళు తోమి, ఆ తర్వాత కథ చెప్పి నిద్రపుచ్చమని ఇంట్లో ఉన్న అమ్మమ్మగారికో, నానమ్మగారికో నచ్చజెప్పండి. కథలు చెప్పడంలో వాళ్ళని మించినవాళ్ళు లేరు కదా!

వచ్చేవారం మళ్ళీ కలుద్దాం. సెలవు.